పిన్ని కోసం చీటీలు: ఇంగ్లీషు మాటల వరుస మీద ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

పిన్నికి ఇంగ్లీషు రాదని ఎవరూ అనలేరు. మెయిల్ వస్తే చదివి అర్థం చేసుకుంటుంది. ఏ మాటకు అర్థం అడిగినా తడుముకోకుండా చెబుతుంది. కొత్త ఉద్యోగంలో ఫోన్లు ఎత్తి మాట్లాడే పని మీద పడేసరికి మాత్రం టెన్షన్ మొదలైంది. "మాటలన్నీ నా దగ్గరే ఉన్నాయే. ఏది ముందు పెట్టాలో ఏది వెనక పెట్టాలో తేల్చుకునేలోపు అవతలివాళ్లు రెండోసారి హలో అంటున్నారు" అంది నిన్న. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. రాత్రంతా దాని గురించే ఆలోచించి, పొద్దున్నే అట్టలు, స్కెచ్ పెన్నులు, కత్తెర ముందేసుకుని కూర్చున్నాను.

అనుకున్నది ఇది: రోజూ సాయంత్రం అరగంట, మాటల వరుస ఒక్కటే. కొత్త పదాలు వద్దు, స్పెల్లింగు వద్దు, ఉచ్చారణ వద్దు. ఒక్కో వాక్యాన్ని మాటమాటగా కోసి, కలిపేసి, మళ్లీ పేర్చడం.

వరుస మీదే ఇంత పట్టుదల ఎందుకంటే, తెలుగులో మాట ఎక్కడున్నా దాని పని దాని తోకలోనే ఉంటుంది. "పిల్లి ఎలుకను పట్టింది" అన్నా, "ఎలుకను పిల్లి పట్టింది" అన్నా దొరికిపోయింది ఎలుకే. ఆ "ను" అనే చిన్న ప్రత్యయం కాపలా కాస్తోంది. ఇంగ్లీషులో "ద క్యాట్ కాట్ ద మౌస్" అన్నదాన్ని తిప్పితే ఎలుకే పిల్లిని పట్టేస్తుంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులోనూ ఇలాంటి ప్రత్యయాలు ఉండేవి, మాటలు కాస్త అటూ ఇటూ జరిగినా అర్థం చెడేది కాదు. శతాబ్దాలు గడిచేకొద్దీ ఆ తోకలు అరిగిపోయాయి. అవి చేసే పని మాట కూర్చున్న చోటు మీద పడింది. అంటే ఇంగ్లీషులో చోటే విభక్తి. ఇది పిన్నికి చెబితే, "మరి స్కూల్లో ఇది ఎవరూ చెప్పలేదేమే?" అంది.

30 వాక్యాలు రాశాను. కర్త నీలం, క్రియ ఎరుపు, కర్మ ఆకుపచ్చ, ఎక్కడ, ఎప్పుడు అని చెప్పే మాటలు పసుపు. ఒక్కో వాక్యానికి ఒక్కో కవరు.

3వ రోజు

మొదటి పది కవర్లు పిన్ని చకచకా పేర్చేసింది. నాకు సంతోషం కంటే అనుమానం ఎక్కువ కలిగింది. పక్కన కూర్చుని చేతులు చూశాను. ముందు క్యాపిటల్ అక్షరం ఉన్న చీటీ వెతుకుతోంది, అది మొదట పెడుతోంది. తర్వాత ఫుల్‌స్టాప్ ఉన్న చీటీ వెతికి చివర పెడుతోంది. నాలుగు చీటీల వాక్యంలో రెండు తేలిపోతే మిగిలినవి రెండే. వాటిని ఇటు పెడితే తప్పనిపిస్తే అటు. ఇందులో ఇంగ్లీషు ఎంత ఉంది?

చీటీలన్నీ మళ్లీ రాశాను. అన్నీ చిన్నక్షరాలే, "ఐ" ఒక్కదానికే పెద్దక్షరం. ఫుల్‌స్టాపులు, ప్రశ్నార్థకాలు విడి చీటీలు. రెండున్నర గంటలు పట్టింది. ముందే ఆలోచించి ఉంటే ఆ సమయం వాక్యాల మీద పెట్టగలిగేదాన్ని. ఇలాంటివి తయారుచేసుకోవాలనుకునేవాళ్లు ఇది మొదటే చూసుకోండి.

5వ రోజు

30 వాక్యాల్లో 19 సరిగ్గా వచ్చాయి, 11 తప్పాయి. తప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి చూస్తే నా అంచనా తలకిందులైంది.

క్రియను చివరికి నెట్టేస్తుందేమో, "ఐ ద లెటర్ రెడ్" అంటుందేమో అనుకున్నాను. మన క్రియ చివర, వాళ్ల క్రియ మధ్యలో అని కదా అందరం మొట్టమొదట చెప్పుకునేది. అలాంటి తప్పు ఒక్కటీ లేదు. మామూలు చిన్న వాక్యం వరుస ఎప్పుడో పట్టుబడింది. తప్పిన 11లో ఆరు ప్రశ్నలు. మూడు "ఎక్కడ, ఎప్పుడు" మాటలు ఎటు పోవాలో తెలియనివి. రెండు "ఆల్వేస్" ఉన్నవి.

ప్రశ్నలు ఎందుకు తప్పుతున్నాయో కాసేపు ఆలోచిస్తే తెలిసింది. తెలుగులో ప్రశ్న వేయడానికి ఏ మాటా కదలక్కర్లేదు. "వచ్చాడు" చివర దీర్ఘం తీస్తే "వచ్చాడా". "ఎక్కడికి" లాంటి మాట కూడా తన చోట తాను కూర్చుంటుంది: "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?" అందుకే పిన్ని "వేర్ యు ఆర్ గోయింగ్" అని పేర్చింది. "వేర్"ని ముందు పెట్టడం అలవాటైంది, మిగతా వాక్యాన్ని కదపాలనే ఊహే రాలేదు. నిజం చెప్పాలంటే నేనూ మాటల్లో చాలాసార్లు ఇలాగే అంటాను. రాసేటప్పుడు దిద్దుకుంటాను కాబట్టి బయటపడలేదంతే.

రేపటి నుంచి ప్రశ్నల మీదే.

6వ రోజు

ఈ రోజు రాసింది కొంచెం పొడుగు. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన వస్తువు ఇవాళే తయారైంది.

హెల్పింగ్ వెర్బ్ ఉన్న వాక్యంతో మొదలుపెట్టాం. "యు ఆర్ గోయింగ్" అని బల్ల మీద పేర్చి, "ఆర్" చీటీని మాత్రం వేలితో పైకెత్తి "యు" మీదుగా దాటించి ముందు పెట్టమన్నాను. ఒక్క చీటీయే కదులుతుంది, మిగతావి ముట్టుకోకూడదు. "ఆర్ యు గోయింగ్?" దాని ముందు "వేర్" పెడితే పని పూర్తయింది. పదిసార్లు గెంతించింది. "ఈజ్", "కెన్", "విల్", "హావ్" అన్నీ గెంతాయి.

తర్వాత "షి వెంట్ హోమ్" పేర్చి ప్రశ్న చేయమన్నాను. పిన్ని వేలు "వెంట్" మీదికి వెళ్లి ఆగిపోయింది. "ఇందులో గెంతేది ఏదీ లేదు కదే?" అంది. ఆ మాట నేను చెప్పకముందే తనే అనడం నాకు ఎంత సంబరమనిపించిందో చెప్పలేను.

అప్పుడు ఒక పొడవాటి ఎర్ర అట్టముక్క తీసుకుని మధ్యకు మడిచాను. పైన "వెంట్" అని రాశాను. విప్పితే లోపల ఎడమ సగం మీద "డిడ్", కుడి సగం మీద "గో". "వెంట్" అంటే ఒక మాట కాదు, మడిచిపెట్టిన రెండు మాటలు అన్నమాట. ప్రశ్న కావాలంటే విప్పాలి, విప్పితే గెంతడానికి "డిడ్" దొరుకుతుంది. అయితే అట్ట ఒకటే ముక్క కావడంతో "డిడ్" ఒక్కటే ముందుకు రాలేదు, "గో"ని కూడా లాక్కొచ్చింది. మడత దగ్గర కోసేసి రెండు సగాలనీ పేపర్ క్లిప్పుతో కలిపాను. "వెంట్" అని రాసిన ముక్కను విడిగా చేసి పైన మూతలా పెట్టాను. ఇప్పుడు మూత తీసి, క్లిప్పు ఊడదీసి, "డిడ్"ని "షి" మీదుగా దాటిస్తే "డిడ్ షి గో హోమ్?" వచ్చింది.

ఇందులో నేను అనుకోని లాభం ఒకటి ఉంది. "డిడ్ షి వెంట్" అనే తప్పు చెయ్యడానికి చీటీయే లేదు. జరిగిపోయిన కాలమంతా "డిడ్"లోకి వెళ్లిపోయింది, "గో" ఉత్త మాటగా మిగిలింది. అది కంటికి కనిపిస్తోంది. "షి డిడ్ నాట్ గో" కూడా అంతే: విప్పి, మధ్యలో "నాట్" దూర్చడమే. "గోస్" చీటీకి "డజ్, గో", "నో" అంటే తెలుసు అనే చీటీకి "డు, నో" కూడా ఇలాగే చేశాను. ఈ "డు" ఎప్పుడూ ఇలా ఉన్నది కాదు. 16వ శతాబ్దపు ఇంగ్లీషులో ప్రశ్నలు రెండు రకాలుగానూ అడిగేవారు, అసలు క్రియే గెంతేది, "డు" కూడా వచ్చేది. మెల్లగా "డు" దారి నిలిచిపోయింది. అప్పటి జనం కూడా రెండింటి మధ్య తడబడే ఉంటారని పిన్ని తేల్చేసింది.

చివర్లో తనే ఒక చిక్కు పెట్టింది: "ఎవరు వెళ్లారు అని అడగాలంటే హూ డిడ్ గో అనాలా?" అక్కర్లేదు. "హూ" నీలం చీటీ. అది కూర్చున్నదే కర్త కుర్చీలో. దాని మీదుగా దాటాల్సిన పని ఎవరికీ లేదు. కాబట్టి మూత తీయకుండా "హూ వెంట్ హోమ్?" అంటే చాలు.

7వ రోజు

"ఆల్వేస్" సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. "నాట్" ఎక్కడ నిలబడుతుందో "ఆల్వేస్", "నెవర్", "యూజువల్లీ" కూడా అక్కడే నిలబడతాయి. "హి ఈజ్ నాట్ లేట్", "హి ఈజ్ ఆల్వేస్ లేట్". "ఐ హావ్ నాట్ సీన్ ఇట్", "ఐ హావ్ నెవర్ సీన్ ఇట్". ఒకే తేడా, "నాట్" కోసం క్రియ మూత విప్పాలి, వీటి కోసం విప్పనక్కర్లేదు: "హి ఆల్వేస్ కమ్స్ లేట్".

9వ రోజు

"ఐ సా యువర్ బ్రదర్ ఎట్ ద స్టేషన్ యెస్టర్డే". ఎనిమిది మాటలు. ఎనిమిది చీటీలను 40,320 రకాలుగా పేర్చవచ్చు. పిన్ని వాటిని అలా ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ అలసిపోయింది. "ద" పట్టుకుని దీన్ని ఎవరి ముందు పెట్టాలని అయిదు నిమిషాలు కూర్చుంది. ఎవరైనా మాట్లాడేటప్పుడు "ద"ని విడిగా పట్టుకుని ఆలోచిస్తారా? "ఎట్ ద స్టేషన్" అని ఒక్క ముద్దగా నోట్లోంచి వస్తుంది. కాబట్టి చీటీ కూడా ఒక్కటే ఉండాలి.

పొడుగు వాక్యాలన్నిటినీ ముద్దలుగా మళ్లీ రాశాను. ఇప్పుడిది అయిదు ముక్కలు: "ఐ", "సా", "యువర్ బ్రదర్", "ఎట్ ద స్టేషన్", "యెస్టర్డే". 120 రకాలే. పైగా ప్రతి ముక్కకూ సొంతంగా అర్థం ఉంది.

సరదాగా దాని పైన తెలుగు ముక్కలు కూడా పేర్చాను. నేను, నిన్న, స్టేషన్లో, మీ అన్నయ్యని, చూశాను. రెండు వరుసలనూ చూస్తూ పిన్ని నీలం దారం ముక్కలు తెచ్చి ఏ తెలుగు మాట ఏ ఇంగ్లీషు ముక్కకు చెందుతుందో కలపడం మొదలుపెట్టింది. నేను నుంచి "ఐ"కి తిన్నగా దారం. మిగతా నాలుగూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ పోయాయి. కాసేపు చూసి, "ఏమే, నేను అన్నదాన్ని అక్కడే ఉంచి, మిగతాది వెనక నుంచి చదువుకుంటూ వస్తే ఇంగ్లీషు అయిపోతోందే!" అంది.

చూశాను, మీ అన్నయ్యని, స్టేషన్లో, నిన్న. అచ్చంగా అదే వరుస.

ఇన్నేళ్లలో నేను గమనించని సంగతి పిన్ని దారాలతో చూపించింది. ఇది ముక్క లోపల కూడా నిలుస్తుంది. "స్టేషన్లో" అనడంలో "లో" వెనక, "ఎట్ ద స్టేషన్"లో "ఎట్" ముందు. "బల్ల మీద" తిప్పితే "ఆన్ ద టేబుల్". ఇది యాదృచ్ఛికం కాదు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే భాషాశాస్త్రవేత్త 1963లో 30 భాషలను పక్కపక్కన పెట్టి చూసి ఈ సంగతి పైకి తెచ్చాడు. క్రియ చివర వచ్చే భాషల్లో "మీద", "లో" లాంటివి దాదాపు ఎప్పుడూ మాట వెనకే వస్తాయి. భాషల నిర్మాణాల మీద ఆన్‌లైన్‌లో ఉన్న వాల్స్ అనే అట్లాసులో 1,376 భాషల లెక్క ఉంది. అందులో 564 మనలాగా కర్త, కర్మ, క్రియ వరుసవి. 488 ఇంగ్లీషులాగా కర్త, క్రియ, కర్మ వరుసవి. ఈ అంకెలు చెబితే పిన్ని ముఖం విప్పారింది. "అయితే మనవాళ్లే ఎక్కువన్నమాట" అంది.

పెద్ద వాక్యాల్లోనూ తిప్పి చూశాం. "నువ్వు నాకు ఇచ్చిన పుస్తకం" అన్నదాంట్లో పుస్తకం చివర, "ద బుక్ యు గేవ్ మీ"లో పుస్తకం మొదట. "ఆమె వెళ్లిపోయిందని అనుకున్నాను" అన్నదాంట్లో "అని" వెనక తగులుకుంటుంది. "ఐ థాట్ దట్ షి హాడ్ లెఫ్ట్"లో "దట్" ముందు నిలబడుతుంది.

తిరగనివీ ఉన్నాయి, వాటిని వేరే కాగితం మీద రాసిపెట్టాం. "ఎర్ర తలుపు", "రెడ్ డోర్" రెండింటిలోనూ రంగే ముందు. "మీ అన్నయ్య", "యువర్ బ్రదర్" కూడా అంతే. ఇంకో సంగతి, తెలుగులో కర్త చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది. "వస్తున్నాను" అంటే చాలు. ఇంగ్లీషులో నీలం కుర్చీ ఖాళీగా ఉండకూడదు. కూర్చోబెట్టడానికి ఎవరూ లేకపోతే "ఇట్" అయినా పెట్టాలి: "వాన పడుతోంది" అంటే "ఇట్ ఈజ్ రెయినింగ్". "నాకు ఆకలిగా ఉంది" లాంటి వాక్యాలను దారాలతో కలపబోతే చిక్కులు పడిపోతాయి, అక్కడ నీలం చీటీకి తెలుగులో జోడీ వేరు. వాటిని దారాల ఆటలోంచి తీసేసి విడిగా నేర్చుకోవడమే మేలని నిర్ణయించాను.

14వ రోజు

పిన్ని బస్సులో కూడా చేసుకోవాలంటోంది. అట్టముక్కలు బస్సులో పేర్చలేం కదా. జావాస్క్రిప్ట్‌లో చిన్న పేజీ ఒకటి రాశాను: ముక్కలు కింద ఉంటాయి, తాకితే పైకి వెళ్లి వరుసలో చేరతాయి. రెండు సాయంత్రాల పని. మూడు తప్పులు దొరికాయి, మూడూ చెప్పుకోదగ్గవే.

ఒకటి, కొన్ని వాక్యాలు తెరుచుకునేసరికే సరైన వరుసలో ఉంటున్నాయి. మూడు ముక్కల వాక్యాన్ని కలిపితే వచ్చేవి ఆరు వరుసలు, అందులో ఒకటి సరైనదే. అంటే ఆరింట ఒకసారి జవాబే ప్రశ్నగా వస్తుంది. కలిపాక వరుస సరైనదానితో సమానమైతే మళ్లీ కలపమని రాశాను.

రెండు, "ద క్యాట్ కాట్ ద మౌస్" లాంటి చిన్న వాక్యాల్ని మాటమాటగానే ఉంచాను. సరిగ్గా పేర్చినా ఒక్కోసారి తప్పంటోంది. రెండు "ద"లకూ నేను వేర్వేరు నంబర్లు ఇచ్చాను. పిన్ని రెండో "ద"ని ముందు తాకితే పేజీ దాన్ని వేరే మాటగా చూసింది. నంబర్లు కాకుండా కలిపిన వాక్యాన్నే పోల్చమని మార్చాను.

మూడోది ప్రోగ్రాములో తప్పు కాదు, నా ఆలోచనలో తప్పు. ప్రతి వాక్యానికీ ఒక్కటే జవాబు పెట్టాను. పిన్ని "యెస్టర్డే ఐ సా యువర్ బ్రదర్ ఎట్ ద స్టేషన్" అని పేరిస్తే ఎర్రగా తప్పు గుర్తు వచ్చింది. అది నూటికి నూరు పాళ్లూ మంచి వాక్యం. సరైనది చెప్పినవాళ్లకు తప్పని చూపించడం నేర్చుకునేవాళ్లకు చేసే నిజమైన హాని. ఒకసారి అలా జరిగితే, తర్వాత తమకు తెలిసినదాన్ని కూడా అనుమానించుకుంటారు. కూర్చుని ప్రతి వాక్యానికీ చెల్లే వరుసలన్నీ రాశాను. "ఎప్పుడు" చెప్పే మాట ముందూ ఉండొచ్చు, చివరా ఉండొచ్చు. "సమ్‌టైమ్స్" మూడు చోట్ల చెల్లుతుంది. "హి గేవ్ మీ ద కీ", "హి గేవ్ ద కీ టు మీ" రెండూ సరే, కానీ ముక్కల్లో "టు మీ" ఉంటే ఒకటే కుదురుతుంది. క్రియకూ కర్మకూ మధ్య మాత్రం ఎవరినీ దూరనివ్వలేదు. "ఐ లైక్ వెరీ మచ్ దిస్ సాంగ్" చెల్లదు.

"ఓన్లీ" ఉన్న వాక్యాలకు ముక్కలతో పాటు పైన తెలుగు వాక్యం కూడా పెట్టాల్సి వచ్చింది. "ఆమె ఒక్కతే ఉత్తరం చదివింది", "ఆమె ఉత్తరం మాత్రమే చదివింది" అనేవి ముక్కలు చూసి చెప్పగలిగేవి కావు. తర్వాత ఆలోచిస్తే అన్ని వాక్యాలకూ తెలుగు పెట్టడమే న్యాయమనిపించింది. చెప్పాల్సింది ఏమిటో తెలియకుండా మాటలు పేర్చడం మాట్లాడటం కాదు కదా.

19వ రోజు

పేజీలో పిన్నికి ఇరవైకి ఇరవై. మూడు రోజులుగా అంతే. ఇవాళ ఆఫీసు నుంచి వస్తూనే బ్యాగు పక్కన పడేసి, "ఫోన్లో మళ్లీ అదే తడబాటు. చీటీలు లేకపోతే నాకేం రావట్లేదు" అంది. గొంతులో నీరసం.

నాకూ బాధేసింది, కానీ కారణం దొరికింది. చీటీలు ముందుంటే ఏ మాటలు వాడాలో, ఎన్ని మాటలో, క్రియ ఏ రూపంలో ఉండాలో అన్నీ ఎవరో నిర్ణయించేసి ఉంటాయి. మిగిలింది పేర్చడం. నోటితో చెప్పేటప్పుడు అవన్నీ తనే నిర్ణయించుకోవాలి, అదీ వెంటవెంటనే. పైగా పేర్చేటప్పుడు ఏ చీటీతోనైనా మొదలుపెట్టొచ్చు, మధ్యలోంచి అటూ ఇటూ నింపొచ్చు. నోటికి ఆ సౌకర్యం లేదు. మొదటి మాటతోనే మొదలుపెట్టాలి, అన్నది వెనక్కి తీసుకోలేం.

కొత్త పద్ధతి వెంటనే మొదలుపెట్టాం. నేను తెలుగు వాక్యం చెబుతాను. పిన్ని చీటీలు చూడకుండా ఇంగ్లీషులో అంటుంది, ఫోన్లో రికార్డు అవుతుంది. ఆ తర్వాతే కవరు విప్పి చీటీలు పేర్చి, రికార్డు విని పోల్చుకోవాలి. చీటీలు ఇప్పుడు ప్రశ్న కాదు, జవాబు. రంగులు కూడా తీసేశాను, అన్నీ నల్ల పెన్నుతో రాసినవే.

20వ రోజు

నిన్నటి రికార్డులు చెవికి పెట్టుకుని పది వాక్యాలు విన్నాను. ఆగిన చోట కాగితం మీద గీత గీశాను. పదింటిలో ఏడు గీతలు ఒకే చోట పడ్డాయి: కర్త తర్వాత. "ఐ..." అని ఆగుతోంది. "దే..." అని ఆగుతోంది. క్రియ నోట్లోంచి ఊడిపడ్డాక మిగతాది బాగానే సాగుతోంది.

5వ రోజు నేను కొట్టిపారేసిన సంగతి ఇక్కడ వేరే రూపంలో తిరిగొచ్చింది. క్రియ ఎక్కడ పెట్టాలో పిన్నికి తెలుసు. కానీ దాన్ని అంత తొందరగా సిద్ధం చేసుకునే అలవాటు లేదు. తెలుగులో "నేను నిన్న సాయంత్రం ఆయనకి ఆ కాగితాలు..." అని తీరిగ్గా నడుస్తూ పోవచ్చు. పంపించానో, ఇచ్చానో, చూపించానో చివర్లో తేల్చుకోవచ్చు. అసలు పంపించలేదని కూడా చివర్లోనే చెప్పొచ్చు. ఇంగ్లీషు రెండో అడుగులోనే అడిగేస్తుంది: ఏం చేశావు? చేశావా, చేయలేదా? ఎప్పుడు చేశావు? ఆ మూడింటికీ జవాబు సిద్ధంగా ఉంటేనే "సెంట్" అనో "డిడ్ నాట్ సెండ్" అనో నోరు తెరవగలం.

అందుకని కొత్త ఆట. నేను తెలుగు వాక్యం చివరి మాట ముందు చెబుతాను: "పంపించాను." పిన్ని వెంటనే "ఐ సెంట్" అనాలి. అంతే, రెండే మాటలు. "పంపించలేదు." "ఐ డిడ్ నాట్ సెండ్." "చూస్తున్నారు." "దే ఆర్ లుకింగ్." ఇరవైసార్లు అయ్యాక ఒక్కో ప్రశ్నా వేస్తాను. "ఐ సెంట్" అంటే, నేను "ఏమిటి?" అంటాను. "ద పేపర్స్." "ఎవరికి?" "టు హిమ్." "ఎప్పుడు?" "యెస్టర్డే ఈవినింగ్." మూడోసారి అదే వాక్యానికి నేను నోరు మెదపను, వేళ్లు మాత్రం ఒక్కొక్కటే చూపిస్తాను. నాలుగోసారి వేళ్లు కూడా ఉండవు.

అరగంట అనుకున్నది గంటంపావు అయింది. ఎవరమూ గడియారం చూడలేదు.

24వ రోజు

గీతలు తగ్గుతున్నాయి. కానీ ఇవాళ ఇంకో రకం తప్పు బయటపడింది. ఇది మంచి సూచనే అని నా నమ్మకం.

"ఆయన ఎక్కడున్నారో నాకు తెలియదు" అని చెప్పమంటే, "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి" అంది. మూడు వారాల కిందటైతే ఈ వాక్యం సరిగ్గానే చెప్పి ఉండేది. అప్పట్లో తనకు ఏదీ గెంతించే అలవాటు లేదు. ఇప్పుడు "వేర్" వినపడితే చాలు, చెయ్యి దానంతట అదే చీటీని గెంతిస్తోంది. నేర్చుకున్నది అవసరం లేని చోటికీ పాకింది.

ఇక్కడ కవర్లు పనికొచ్చాయి. "వేర్", "హి", "ఈజ్" మూడు చీటీలనూ ఒక కవరులో పెట్టి, ఆ కవరునే ఒక పెద్ద చీటీగా "ఐ డోంట్ నో" పక్కన ఉంచాను. నియమం ఒకటే: కవరు లోపల గెంతకూడదు. బయట ఉన్న వాక్యం ప్రశ్న అయితే అక్కడ గెంతాలి. "కెన్ యు టెల్ మీ" అన్నప్పుడు "కెన్" గెంతింది, కవరులో "వేర్ హి ఈజ్" కదలకుండా ఉంది. "డు యు నో" పక్కన "వెన్ షి లెఫ్ట్" పెడితే కవరులో "లెఫ్ట్" మూత కూడా తియ్యనక్కర్లేదు. ఫోన్లో మర్యాదగా అడిగేవన్నీ దాదాపు ఇలాంటివే కాబట్టి పిన్ని ఉద్యోగానికి ఇది చాలా ముఖ్యం. ఈ వారం కవరు వాక్యాలు రోజూ అయిదు చొప్పున పెట్టుకున్నాం.

27వ రోజు

కవర్లు వంద దాటాయి. అన్నీ రోజూ చెయ్యలేం. మూడు డబ్బాలు పెట్టాను. తడబడకుండా చెప్పిన వాక్యం తర్వాతి డబ్బాలోకి వెళ్తుంది, తప్పితే మొదటి డబ్బాకు వస్తుంది. మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి తీస్తాం. సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆయనవి అయిదు డబ్బాలు, మాకు మూడు సరిపోయాయి. నేను మార్చింది ఒక్కటే: వాక్యం సరైనదే అయినా కర్త తర్వాత ఆగితే అది పాసు కాదు, ఉన్న డబ్బాలోనే ఉంటుంది.

31వ రోజు

నెల అయింది. ఆపాలని ఇద్దరికీ లేదు.

రెండు సంగతులు పక్కన పెట్టేశాను. విశేషణాల వరుస ఒకటి: అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, ఎక్కడిది, దేనితో చేసింది అని పొడుగాటి పట్టిక ఉంటుంది. ఫోన్లో మాట్లాడే మనిషి రెండు విశేషణాల కంటే ఎక్కువ వాడడం అరుదు, "బిగ్ రెడ్ బాక్స్" వరకు వస్తే ఈ దశలో చాలు. రెండోది "పిక్ అప్" లాంటి జంట క్రియలు. "పిక్ అప్ ద ఫోన్" అనొచ్చు, "పిక్ ద ఫోన్ అప్" అనొచ్చు, కానీ "ఇట్" వస్తే తప్పనిసరిగా "పిక్ ఇట్ అప్". వాటికి వచ్చే నెల వేరే డబ్బా.

ఇప్పటిదాకా వాక్యాలు నేనే రాస్తూ వచ్చాను. ఇవాళ పిన్ని తనే ఒక కాగితం తెచ్చింది. వారం రోజుల్లో ఫోన్లో చెప్పాలనుకుని చెప్పలేకపోయిన పన్నెండు వాక్యాలు, తెలుగులో, తన గుండ్రటి అక్షరాలతో. నేను రాసిన వాక్యాల కంటే ఇవి ఎంతో బలంగా ఉన్నాయి. వీటి వెనక నిజమైన అవసరం ఉంది.

మొదటిది: "నేను మీకు ఫోన్ చేసినప్పుడు ఎవరూ ఎత్తలేదు."

దారాలతో కలుపుదామని కూర్చున్నాం. రెండు పెద్ద ముక్కలు తిరగబడ్డాయి, "వెన్ ఐ కాల్డ్ యు" వెనక్కి వెళ్లింది. ఎత్తలేదు అన్నదానికి దారం కట్టబోయేసరికి పిన్ని ఆగింది. తెలుగులో "లేదు" అనేది చివరి మాటలో ఉంది. "నోబడీ ఆన్సర్డ్"లో ఆ "లేదు" క్రియను వదిలేసి, వాక్యం మొదటికి వచ్చి నీలం చీటీలో కూర్చుంది. క్రియకు మూత తీసే పని కూడా లేదు. ఒకే దారాన్ని రెండు చోట్ల కట్టాలా, లేక "నో" అనే ముక్కను విడిగా కోసి నీలం చీటీకి క్లిప్పు పెట్టాలా అని చాలాసేపు చూశాం. పిన్ని క్లిప్పే అంటోంది. కత్తెర, అట్ట బల్ల మీదే ఉంచి లేచాం. రేపు రెండు రకాలుగానూ కోసి చూడాలి.